లైసెన్సున్న స్వేచ్ఛావాది

మన ఊళ్ళకు ఇప్పుడు అర్జెంటుగా కావలసింది తాగునీళ్ళు కాదు, బైపాస్ రోడ్డు కాదు, స్పెషాలిటీ ఆసుపత్రి అంతకన్నా కాదు. ఊరికొక లిబర్టేరియన్!

నవ్వకండి, విషయం సీరియస్. లిబర్టేరియన్ అంటే టమోటా మీద కొట్టే కొత్త మందు అనుకునేవాళ్ళు మనలో ఇంకా చాలామంది ఉన్నారు. మందు కాదు, మనిషి. మన బతుకులో ప్రభుత్వం వేలు పెట్టకూడదు, వ్యాపారంలో అసలే పెట్టకూడదు, ఎవరి ఇష్టం వారిది, ఎవరి సొత్తు వారిది అని నమ్మే మహానుభావుడు. పై దేశాల్లో ఇలాంటివాళ్ళకు పార్టీలూ ఆఫీసులూ కూడా ఉన్నాయట. మనకు అవేవీ లేవు. మదనపల్లెలో ధనుంజయ ఉన్నాడు. చాలదా?

ధనుంజయకు టమోటా మార్కెట్లో మండీ ఉంది. రైతు తెచ్చిన బాక్సులను వేలం పాడించడం, బయటి ఊళ్ళ వ్యాపారులకు అంటగట్టడం, మధ్యలో కమీషన్ పట్టుకోవడం ఆయన పని. కమీషన్ కాక, శాంపిల్ పేరుతో ప్రతి లోడులోనూ ఒకటో రెండో బాక్సులు పక్కకు తీయించడం ఆయన మండీ ఆచారం. యాభై దాటిన మనిషి. తెల్లచొక్కా, జేబులో రెండు ఫోన్లు, నుదుట గంధం బొట్టు. భార్య మంగమ్మ. ఒక్కగానొక్క కూతురు భార్గవి, అగ్రికల్చర్ బీఎస్సీ చదివింది.

పుట్టుకతోనే ఎవరూ స్వేచ్ఛావాదులు కారు. ఒక ఏడాది టమోటా ధర ఆకాశానికెక్కింది. ధనుంజయ మండీ పెళ్ళిల్లులా కళకళలాడింది. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం రైతుబజారులో తక్కువ రేటుకు టమోటా అమ్మించడం మొదలుపెట్టింది. ధనుంజయకు ఒళ్ళు మండిపోయింది. నా టమోటా, నా రేటు, మధ్యలో వీళ్ళెవరు? అన్నం సయించలేదు. ఆ బాధంతా బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మేనల్లుడు పవన్ కుమార్‌కు ఫోన్లో వెళ్ళబోసుకున్నాడు.

పవన్ అంతా విని, "మామా, నువ్వు పక్కా లిబర్టేరియన్ మామా" అన్నాడు.

"అంటే ఏమన్నా జబ్బా అప్పా?"

"కాదు మామా, పెద్ద సిద్ధాంతం. వీడియోలు పంపిస్తా, సూడు."

ఏళ్ళ తరబడి గ్యాస్ ట్రబుల్ అనుకుంటున్న నొప్పికి పెద్ద డాక్టరు పెద్ద పేరు పెడితే రోగికి కలిగే తృప్తి ఉంటుంది చూడండి, అది కలిగింది ధనుంజయకు. తనది ఉత్త కడుపుమంట కాదు, ఫిలాసఫీ!

ఆ వీడియోలు చూశాక ఆయన మునుపటి ధనుంజయ కాదు. హెల్మెట్ పెట్టుకోవడం మానేశాడు. "నా తలకాయ నా సొత్తు. దాన్ని పగలగొట్టుకునే హక్కు నాకు లేదా?" అని ట్రాఫిక్ పోలీసును నడిరోడ్డు మీద నిలదీశాడు. పోలీసు ఆ తలకాయ వైపు కాసేపు చూసి చలానా రాశాడు. ఆడవాళ్ళకు ఫ్రీ బస్సు అనగానే "దేశం సర్వనాశనం" అని మండీ మిత్రుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పోస్టు. పన్ను అంటే పగటి దొంగతనం. లైసెన్సు అంటే బానిసత్వం. మునిసిపాలిటీ అంటే అక్కరలేని అత్తగారు.

తన మండీ కుళ్ళు టమోటాను పక్క మండీ ముందు పోయించడం కూడా ఆ స్వేచ్ఛలో భాగమే. పక్కవాడు తన కుళ్ళును ఈయన ముందు పోసిన రోజు మాత్రం మునిసిపాలిటీకి ఫోన్ చేసి, "ఊర్లో అడిగే నాథుడే ల్యాడా?" అని అరిచాడు. ఇందులో తప్పేముంది? స్వేచ్ఛ ఇటునుంచి అటు వెళ్ళేటప్పుడు స్వేచ్ఛ. అటునుంచి ఇటు వచ్చేటప్పుడు కంపు.

మరుసటి ఏడాది టమోటా ధర పాతాళానికి పడిపోయింది. రైతులు రోడ్డు మీద పారబోశారు. కలెక్టరే దిగిరావాలి, ప్రభుత్వమే టమోటా కొనాలి అని మండీలన్నీ ధర్నాకు దిగితే, అందరికన్నా ముందు మైకు పట్టుకున్నది ఎవరనుకున్నారు? మన ధనుంజయే! దాన్ని ద్వంద్వ నీతి అన్నవాళ్ళకు సిద్ధాంతం అర్థం కాలేదని లెక్క. ధర పెరిగితే అది మార్కెట్. పడిపోతే అది ప్రకృతి వైపరీత్యం. వైపరీత్యాలు ప్రభుత్వం డిపార్ట్‌మెంటు కాదా?

ఇంట్లో మాత్రం స్వేచ్ఛ కాస్త ఆలస్యంగా నడిచేది. మంగమ్మ పుట్టింటికి వెళ్ళాలంటే "ఇప్పుడు యాల, ఏం పనుండాది?" అనే ప్రశ్నకు జవాబు చెప్పాలి. భార్గవి జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని వస్తే ఆయన చాలా రోజులు కూతురితో మాట్లాడలేదు. "నా జుట్టు నా సొత్తు కాదా నాయనా?" అని ఆ పిల్ల అడిగితే, "సొత్తు వేరే, పద్ధతి వేరే" అని తేల్చాడు. చూశారా, ఎంత లోతైన మాటో! పెద్ద పెద్ద గ్రంథాలు రాసినవాళ్ళకు కూడా ఈ తేడా తట్టి ఉండదు.

ఇలా ఉండగా ఒక రోజు భోజనాల దగ్గర భార్గవి మెల్లగా కదిపింది.

"నాయనా, నేనూ అశ్విని కలిసి కుప్పంలో చిన్న యాపారం పెడతామనుకుంటాండాము."

అశ్విని ఆమె కాలేజీ స్నేహితురాలు. కుప్పం అమ్మాయి. వాళ్ళింట్లో ఒక బొలెరో పికప్ బండి ఉంది. దాన్ని అశ్వినే నడుపుతుంది.

ధనుంజయ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. కూతురు గ్రూప్ టూ కోచింగ్ అనలేదు. సచివాలయం ఉద్యోగం అనలేదు. యాపారం అంది! "సూసినావా మంగా, నా రక్తం! గవర్నమెంటు ముందర చెయ్యి సాపకుండా బతుకుతానంటాంది" అని పొంగిపోయాడు. పోటీ అంటే ఏమిటి, మార్కెట్ అంటే ఏమిటి, భయం లేకుండా ఎలా దూసుకుపోవాలి అని మజ్జిగన్నం అయ్యేదాకా ఉపన్యసించాడు. "ఎదురు ఎవుడుండాడు అని సూడొద్దు పాపా. అన్నయినా తమ్ముడైనా యాపారంలో యాపారమే!"

ఏం వ్యాపారం అని మాత్రం అడగలేదు. గొప్ప సిద్ధాంతాలున్నవాళ్ళు చిల్లర వివరాల్లోకి దిగరు.

ఆ చిల్లర వివరం ఏమిటంటే, టమోటా.

భార్గవి, అశ్విని కుప్పం పక్కన గుడుపల్లె దారిలో ఒక రేకుల షెడ్డు తీసుకున్నారు. చుట్టుపక్కల తోటల దగ్గరికే బండి వేసుకుని వెళ్ళి టమోటా కొంటారు. సైజులవారీగా ఏరి, బెంగుళూరు హోటళ్ళకు, అపార్ట్‌మెంట్లకు నేరుగా పంపిస్తారు. ఆ రోజు రేటు పొద్దున్నే రైతు ఫోనుకు వస్తుంది. వేలం లేదు, కమీషన్ లేదు, శాంపిల్ బాక్సు లేదు. డబ్బు తూకం వేసిన చోటే ఫోన్లో పడుతుంది. మొదట్లో గుడుపల్లె రైతులు అనుమానంగా చూశారు. తర్వాత వాళ్ళ బంధువులకు చెప్పారు. ఆ బంధువులు పుంగనూరు వైపు ఉన్నారు.

ఆ తర్వాత ఒక పొద్దున ధనుంజయ మండీకి వచ్చి చూస్తే, కొండప్ప బాక్సులు దిగే చోటు ఖాళీగా ఉంది. కొండప్ప పుంగనూరు దగ్గర పల్లె రైతు. మండీ పెట్టిన నాటి నుంచి ఈయనకే సరుకు వేసే మనిషి. బండి ఏమైనా చెడిపోయిందేమోనని ఫోన్ చేశాడు.

"ఏం కొండప్పా, లోడు యాడుండాది?"

"మీ పాప కాడికి పంపిస్తిని కదప్పా!" అన్నాడు కొండప్ప సంతోషంగా. "ఇద్దురూ ఒకటే ఇల్లు గదా అని నేనేం అనుమానం పడలేదు. రేటు బాగుండాది. శాంపిలు బాక్సులు గూడా తీయలేదు. బిడ్డను బాగా పెంచినావప్పా."

"నాకొక మాట చెప్పాల్సిండ్లా?"

"యాడ ఎక్కువిస్తే ఆడ అమ్ముకోండని మొన్న రైతుల మీటింగులో మైకులో చెప్తివే! నేను ముందర్నే కూర్చోనుంటి."

ఫోన్ పెట్టేశాక ధనుంజయ ఆ ఖాళీ చోటు వైపు చాలాసేపు చూశాడు. కోపం కొండప్ప మీద రావడం లేదు. కూతురి మీదా పూర్తిగా రావడం లేదు. ఆ పిల్ల తన మాటలనే తీసుకుని, మడతలు విప్పి, ఇస్త్రీ చేసి, కట్టుకుని తిరుగుతోంది. తప్పు పట్టాలంటే తననే పట్టాలి. అది కుదరని పని.

వారం తిరిగేసరికి ఇంకొందరు రైతులు జారిపోయారు. మార్కెట్లో ఎదురుపడ్డ ప్రతివాడూ, "ఏమప్పా, పాప బలే చేస్తాందంట!" అని పలకరించడమే. ఒక స్వేచ్ఛావాది ఇలాంటప్పుడు ఏం చేయాలి? కమీషన్ తగ్గించాలి. శాంపిల్ ఆచారం మానాలి. రైతును బతిమాలుకోవాలి. పవన్ పంపిన వీడియోల్లో అలాగే ఉంది. ధనుంజయకు అంతకన్నా దగ్గరి దారి తోచింది. ప్రభుత్వానికి ఫోన్ చేశాడు!

మునికుమార్ అని మార్కెటింగ్ డిపార్ట్‌మెంటు ఉద్యోగి. కుప్పం దారిలో చెక్‌పోస్టు ఆయన చూస్తాడు. మాట మెత్తన, మనిషి నిదానం.

"సార్, లైసెన్సు లేకుండా టమోటా కొని బండ్లు తోలతాండారు సార్. మార్కెట్ సెస్సు ల్యా, పాడూ ల్యా. మీరంతా ఏం చేస్తాండారు? ప్రభుత్వం ఉండాదా, సచ్చిపోయిందా?"

"ఎవరప్పా వాళ్ళు?"

ధనుంజయ ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఎవురైతే ఏంది సార్? రూలు రూలే గదా. బండి నెంబరు చెప్తా, రాసుకో."

నెంబరు చెప్పాడు. కూతురి పేరు చెప్పలేదు. చెక్‌పోస్టు దగ్గర డ్రైవరు ఉంటాడు, కాగితాలు లేవంటారు, బండి వెనక్కి వస్తుంది, పిల్లలు రెండు రోజులు ఏడ్చి ఊరుకుంటారు అని తనకు తాను చెప్పుకున్నాడు. అలా చెప్పుకోగానే మనసు తేలికపడింది కూడా.

ఆ మరునాడే పుంగనూరులో వర్తకుల సంఘం సభ. "వ్యాపారికి స్వేచ్ఛ" అన్న విషయం మీద ముఖ్య వక్త ఎవరో వేరే చెప్పాలా? కల్యాణమండపం అద్దెకు తీసుకుని, శాలువా తెప్పించి, ఏసీ వేయించి పిలిస్తే ధనుంజయ ఇస్త్రీ చొక్కా వేసుకుని కారులో వెళ్ళాడు.

ఆయన స్టేజీ ఎక్కిన సమయానికి, కుప్పం దారిలో అశ్విని బండిని చెక్‌పోస్టు దగ్గర ఆపారు. బండిలో ఉన్నది కొండప్ప టమోటా. డ్రైవరు పక్క సీట్లో ఉన్నది భార్గవి. మునికుమార్ లైసెన్సు అడిగాడు. అప్లికేషన్ పెట్టామని, ఇంకా రాలేదని భార్గవి చెప్పింది. వచ్చేదాకా బండి కదలదన్నాడు ఆయన. మంచి ఎండాకాలం. పండిన టమోటా. నీడకు ఒక్క చెట్టు లేదు. "ఎవరు సార్ కంప్లైంట్ ఇచ్చింది?" అని భార్గవి అడిగితే, ఆయనకు ఈ తండ్రీకూతుళ్ళ సంగతి తెలియదు కాబట్టి, "ఎవరో మదనపల్లె మండీ ధనుంజయంట తల్లీ" అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

భార్గవి తండ్రికి ఫోన్ చేయలేదు. తల్లికి చేసింది.

మొగుడు ఫోన్ ఎత్తకపోయేసరికి మంగమ్మ పొయ్యి ఆపింది. ఆధార్ కార్డు పట్టుకుని, దేశాన్ని సర్వనాశనం చేస్తున్న ఆ ఫ్రీ బస్సే ఎక్కింది. పుంగనూరులో దిగి, దారినపోయేవాళ్ళను అడుగుతూ కల్యాణమండపం చేరేసరికి లోపల మైకు మోగిపోతోంది.

"అమ్మేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు! ఆ ఇద్దరి నడాన మూడోవాడు యాల అని నేనడగతాండా! ఆ మూడోవాడే ప్రభుత్వం!"

చప్పట్లు. ధనుంజయ నుదుటి చెమట తుడుచుకుంటూ వెనక తలుపు వైపు చూశాడు. మంగమ్మ! తన ఉపన్యాసం వినడానికి పెళ్ళాం మదనపల్లె నుంచి వచ్చింది! ఇన్నేళ్ళ కాపురంలో ఇలాంటిది జరగలేదు. ఆయన గొంతు ఇంకాస్త పెంచాడు. రాజులు పోయినా లైసెన్సులు పోలేదన్నాడు. రేపటి తరం మనల్ని క్షమించదన్నాడు. చప్పట్ల మధ్య నవ్వుకుంటూ, "సభలో ఎవరైనా ప్రశ్నలు అడగొచ్చు" అన్నాడు.

మంగమ్మ కొంగు నడుముకు చుట్టుకుని ముందుకు నడిచింది. ఆమెకు మైకు అక్కరలేకపోయింది.

"పాప బండిని నువ్వే ఆపించినావంట. ఇడిపించు."

శాలువా పట్టుకుని నిలబడ్డ సెక్రటరీ దాన్ని మెల్లగా మడత పెట్టసాగాడు.

"ఇదేంది మంగా, నలుగుర్లో..." అన్నాడు ధనుంజయ గొంతు తగ్గించి. "ఇంటి ఇసయం. ఇంటికాడ మాట్లాడుకుందాం పద."

"పాప ఇంట్లో ల్యా. చెక్‌పోస్టు కాడ ఎండలో ఉండాది."

అప్పటికి గానీ ఆయనకు తెలియలేదు, బండిలో కూతురు ఉందని. చొక్కాకు తగిలించిన మైకు తీయడం మరిచిపోయి కిందికి దిగాడు. ఆయన చెప్పుల చప్పుడు, మంగమ్మ తిట్టు, తలుపు దాకా స్పీకర్లలో వచ్చాయని అక్కడున్నవాళ్ళు చెబుతారు.

కారు కుప్పం దారి పట్టింది. ధనుంజయ ఏసీ వేయబోతే మంగమ్మ ఆయన చేతిని పక్కకు తోసి కిటికీ అద్దం దించింది. వేడిగాలి ముఖాన కొట్టింది. పాప ఎండలో ఉండగా ఈయనకు చల్లగాలా?

చెక్‌పోస్టు దగ్గర బొలెరో రోడ్డు వారగా నిలబడి ఉంది. వెనక తలుపు సందుల నుంచి టమోటా రసం సన్నగా కారుతోంది. ఈగలు. అశ్విని బండి కింది నీడలో గోనెపట్ట పరుచుకుని పడుకుంది. భార్గవి ఖాళీ బాక్సు తిరగేసి దాని మీద కూర్చుంది. మొహం కందిపోయింది. చున్నీ నెత్తిన కప్పుకుంది. తండ్రిని చూసి లేవలేదు.

"నాకొక మాట చెప్పకుండా ఇట్లాంటి యాపారం పెట్టొచ్చునా పాపా?" అన్నాడు ధనుంజయ. వేరే ఏదో అందామనే వచ్చాడు. నోట్లో నుంచి ఇది వచ్చింది.

"అన్నయినా తమ్ముడైనా యాపారంలో యాపారమేనంటివి గదా."

"అది మార్కెట్లో. ఇంట్లో కాదు."

"నేను ఇంట్లో యాడ చేసినాను? మార్కెట్లోనే కదా చేసింది?"

"మార్కెట్లో అయినా నువ్వు నా ఇంటి బిడ్డవి కదా!"

భార్గవి చున్నీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అయితే నాయనా, నాకు స్వేచ్ఛ యాడుండాది? ఇంట్లో ఉంటే, ఇది మార్కెట్టు కాదు అంటావు. మార్కెట్టుకు పోతే, నువ్వు ఇంటి బిడ్డవి అంటావు. నేను యాడ నిలబడాల్నో నువ్వే సూపించు, ఆడ నిలబడతా."

ఇంత చిన్న ప్రశ్నకు పవన్ పంపిన వీడియోల్లో ఒక్కదాంట్లోనూ జవాబు లేదు. ధనుంజయ జేబులోంచి ఫోన్ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఈలోగా మంగమ్మ మునికుమార్ టేబుల్ దగ్గరికి వెళ్ళింది. "ఏం కావాల సార్ మీకు?"

"లైసెన్సమ్మా. లైసెన్సున్నవాళ్ళు కొన్నట్టు ఉండాల. సెస్సు కట్టాల. అంతే."

"నాకుండాది కదా లైసెన్సు."

ధనుంజయ ఉలిక్కిపడి తిరిగాడు. నిజమే. మార్కెట్లో షాపులు పంచిన రోజుల్లో ఆడవాళ్ళకని కొన్ని రిజర్వు చేశారు. జనరల్ కోటాలో తనకు రాలేదని ధనుంజయ పెళ్ళాం పేరుతో దరఖాస్తు పెట్టించి మండీ సంపాదించాడు. బోర్డు మీద పేరు ఆయనది. ప్రభుత్వం దగ్గర పేరు ఆమెది. రిజర్వేషన్లు ఎత్తేయాలని వారానికొకసారి పోస్టు పెట్టేటప్పుడు కూడా ఆయనకు ఆ సంగతి గుర్తుకు రాలేదంటే, మనిషి ఎంత నిష్కల్మషుడో ఆలోచించండి!

మునికుమార్ కంప్యూటర్లో వెతికి చూశాడు. "అవునమ్మా, మీ పేరే ఉండాది."

"ఈ టమోటా కొనింది నేనే. నా బిడ్డ నా తరపున తోలతాండాది. ఇంగేం కావాల?"

"మంగా! అది మన మండీ లైసెన్సు!" అని ధనుంజయ అడ్డం వచ్చాడు.

"మనదేంది? నాది. ఎవురి సొత్తు వాళ్ళదని మైకులో చెప్పి వస్తివి కదా ఇప్పుడే."

ధనుంజయ చుట్టూ చూశాడు. రోడ్డు ఖాళీగా ఉంది. ఆదుకునే మనిషి కనుచూపు మేరలో ఒక్కడే కనిపించాడు. ఖాకీరంగు చొక్కా వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ప్రభుత్వం.

"సార్, మీరన్నా చెప్పండి సార్. ఇదెక్కడి న్యాయం? మీలాంటోళ్ళు ఊరుకుంటే ఎట్లా?"

మునికుమార్ సెస్సు డబ్బులు లెక్కపెట్టుకుని, రసీదు చింపి మంగమ్మ చేతిలో పెట్టాడు. "ఆలుమగల బేరంలో నేనెవర్నప్పా?" అని గేటు ఎత్తాడు.

అశ్విని బండి స్టార్ట్ చేసింది. పైవరస బాక్సులు చాలామటుకు మెత్తబడిపోయాయి. అడుగున ఉన్నవి బతికాయి. భార్గవి ఎక్కబోతూ ఆగి, తండ్రి దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఆమె గొంతులో వాదన లేదు.

"నాతోనే చెప్పొచ్చు కదా నాయనా, ఇది వద్దు పాపా అని? నువ్వు వద్దంటే మానేసేదాన్నేమో."

అది ఆయనకూ తెలుసు. అందుకే చెప్పలేదు. "వద్దు పాపా" అని తన నోటితో అంటే, తన నోరు ఇన్నాళ్ళూ అన్నదంతా ఏమైపోవాలి? ఆ మాట ఇంకెవరైనా అనాలి. ఒక సీలున్నవాడు, రూలు పుస్తకం ఉన్నవాడు, అందరూ తిట్టుకున్నా ఫరవాలేనివాడు అనాలి. మన మొహం పెట్టుకుని చేయలేని పని చేయించుకోవడానికే కదా మనం ఓట్లేసి ప్రభుత్వాన్ని పెట్టుకున్నది!

భార్గవి కాసేపు ఎదురుచూసి బండెక్కింది. మంగమ్మ కూడా భర్త కారు వైపు చూడకుండా కూతురి పక్కన ఇరుక్కుని కూర్చుంది. ఆయన ఒక్కడే మదనపల్లెకు తిరిగి వెళ్ళాడు. ఈసారి ఏసీ వేసుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు. వేసుకోలేదు.

ఆ తర్వాత జరిగింది వింటే సిద్ధాంతాల మీద మీకు నమ్మకం కుదురుతుంది. భార్గవికి సొంత లైసెన్సు వచ్చింది. రైతులు ఇంకా అటే మళ్ళారు. వేరే దారి లేక ధనుంజయ కమీషన్ తగ్గించాడు. శాంపిల్ బాక్సులు ఎత్తేశాడు. తూకం దగ్గర కుర్చీలేయించాడు, మజ్జిగ పెట్టించాడు. అది చూసి పక్క మండీలూ తగ్గించాయి. పోటీ ఉంటే జనానికి మేలు జరుగుతుందని వీడియోల్లో చెప్పింది అక్షరాలా నిజమైంది! తను నమ్మిన సిద్ధాంతం తన కళ్ళెదుటే రుజువైతే ఒక మనిషి అంత కుమిలిపోవడం మదనపల్లె అంతకుముందు చూడలేదు.

తండ్రీకూతుళ్ళకు మాటల్లేవు. మంగమ్మ శుక్రవారం శుక్రవారం కుప్పం వెళ్ళి వచ్చేది. పాప ఎలా ఉందని ఆయన అడిగేవాడు కాదు. ఆమె చెప్పేది కాదు. కానీ ఆమె వచ్చిన సాయంత్రం ఆయన టీవీ సౌండు తగ్గించి కూర్చునేవాడు, ఆమె పక్కింటావిడతో చెప్పేదైనా వినబడుతుందని.

టమోటా సీజన్ మళ్ళీ ఊపందుకున్నాక ఒక సాయంత్రం ఫోన్ మోగింది. తెర మీద భార్గవి పేరు చూసి ఆయన గబగబా చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, వీడియో కాల్ కాకపోయినా.

"నాయనా, బాగుండావా?"

"ఉండానమ్మా, ఉండాను. నువ్వు?"

"ఏం బాగు నాయనా! క్రిష్ణగిరి నుంచి గిరిబాబు అని ఒకడు దిగినాడు. గుడుపల్లెలో మా షెడ్డు ఎదురుగ్గానే షెడ్డు ఏసినాడు. మాకన్నా ఎక్కువ రేటిస్తానని మా రైతుల్ని లాగేస్తాండాడు. లైసెన్సు గూడా లేనట్టుండాది." భార్గవి గొంతు తగ్గించింది. "ఆ చెక్‌పోస్టు సారు నెంబరు నీ కాడ ఉండాదా?"

ధనుంజయకు ఎన్నాళ్ళ నుంచో గుండె మీద ఉన్న బరువు దిగిపోయింది. కళ్ళు తడిశాయి.

"ఉండాదమ్మా. ఇప్పుడే పంపిస్తా. పగలు పదింటికి చెయ్యి, అప్పుడు తీరిగ్గా ఉంటాడు. బండి నెంబరు చెప్పు, సాలు. నీ పేరు మాత్రం చెప్పొద్దు."

వంటింట్లో నుంచి మంగమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఎవురు, పాపనా? ఏమంట?"

"ఏమీ ల్యాదులే" అన్నాడు ధనుంజయ, నెంబరు పంపించి, కళ్ళజోడు తుడుచుకుంటూ. "పాపకు యాపారం వచ్చేసింది."